ఏ కోర్సులో చేరమంటారు?

ఈసారి ఉత్తరం రాసినావిడ వయసు ఇరవై ఎనిమిది. ఊరు తణుకు దగ్గర. 2019లో మెకానికల్ బీటెక్ పూర్తిచేసి, క్యాంపస్ సెలక్షన్లలో ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో చేరారు. ట్రైనింగ్ అయ్యాక మాన్యువల్ టెస్టింగ్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చేత్తో వాడి చూసే పనిలో వేశారు. "నేనూ అడగలేదు, వాళ్ళూ నన్ను అడగలేదు" అని రాశారు. అమెరికాలోని ఒక హెల్త్ ఇన్సూరెన్స్ క్లయింటుకు క్లెయిమ్స్ ప్రాజెక్టులో ఐదేళ్ళకు పైగా అదే పని. జీతం ఏడాదికి 5.8 లక్షలు. ఆ క్లయింటు హైదరాబాద్‌లోనే సొంత ఆఫీసు పెట్టుకుని పనంతా అక్కడికి మార్చుకోవడంతో వీళ్ళ టీమ్‌ను రిలీజ్ చేశారు. తొమ్మిది వారాలుగా బెంచ్ మీద, అంటే జీతం వస్తున్నా ప్రాజెక్టేదీ లేకుండా ఉన్నారు. రోజూ మాదాపూర్ ఆఫీసుకు వెళ్ళి, కార్డు స్వైప్ చేసి, క్యాంటీన్ పక్కన కూర్చుని, ఆరింటికి మళ్ళీ స్వైప్ చేసి హాస్టల్‌కు వస్తున్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. డల్లాస్‌లో ఉన్న బావగారు ఎంఎస్‌కు రమ్మంటున్నారు. రూమ్మేట్ డెవ్‌ఆప్స్‌కు (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ల మీద పెట్టి ఆగకుండా నడిపించే పని) మారి 18 లక్షలు తీసుకుంటోంది, అదే నేర్చుకోమంటోంది. రైస్ మిల్లులో గుమాస్తాగా చేసే నాన్నగారికి గ్రూప్-2 రాస్తే బాగుండునని. అమ్మగారు సంబంధాలు చూస్తున్నారు. మేనేజర్ "ఏఐ నేర్చుకో" అని ఒక్క మాట అనేసి ఊరుకున్నారు. ఈవిడ ఇప్పటికే అమీర్‌పేటలో 35 వేలు కట్టి డేటా సైన్స్‌లో చేరి, మాత్రికల దగ్గర ఆరో వారంలో మానేశారు. ఒక క్లౌడ్ సర్టిఫికెట్ పాసయ్యారు, ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. సేల్స్‌ఫోర్స్ డెమో క్లాసుకు వెళ్ళొచ్చారు. ఇప్పుడు జెన్ ఏఐ (చాట్‌జీపీటీ లాంటివి) కోర్సుకు 60 వేలు కట్టమంటున్నారు. ఇవి చాలవన్నట్టు ఒక కన్సల్టెన్సీ వాళ్ళు లక్షన్నర ఇస్తే రెజ్యూమెలో మూడేళ్ళ దొంగ డెవ్‌ఆప్స్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టి, ఇంటర్వ్యూలో ఈవిడ బదులు మాట్లాడే ప్రాక్సీని కూడా ఏర్పాటు చేస్తామన్నారట.

"రాత్రి రెండింటి దాకా రోడ్‌మ్యాప్ వీడియోలు చూస్తున్నాను. నాకేది ఇష్టమో నాకే తెలియడం లేదు. మీరు ఒక్కటి చెప్పండి, అదే చేస్తాను" అని ముగించారు.

* * *

ఒక్కటి చెప్పమన్నారు. చెప్పడం నాకు తేలిక. కానీ బావగారు, రూమ్మేట్, నాన్నగారు, మేనేజర్ తర్వాత నేను ఐదో గొంతును అవుతాను. మూడు నెలలు తిరిగేసరికి నేను చెప్పింది కూడా ఆరో వారంలో ఆగిపోతుంది. అందుకని మీ ఉత్తరాన్నే మీ ముందు పెడతాను. అందులో మీరు గమనించని సంగతి ఒకటుంది.

మూడో పేజీ మధ్యలో, బ్రాకెట్‌లో పెట్టి మరీ, ఎనిమిది వాక్యాలు రాశారు. పాఠకుల కోసం ఆ కథ ఇక్కడ చెబుతాను. అమెరికాలో తల్లికీ తండ్రికీ వేర్వేరు ఇన్సూరెన్స్‌లు ఉండి, బిడ్డ పేరు రెండింట్లోనూ ఉంటే, ఆసుపత్రి బిల్లు ముందుగా ఎవరి ఇన్సూరెన్స్ కట్టాలన్న దానికి అక్కడ 'బర్త్‌డే రూల్' అని ఒకటుంది. క్యాలెండర్‌లో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ళది మొదట కడుతుంది. నెల, తేదీ మాత్రమే చూడాలి. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నదానితో సంబంధం లేదు. మీ ప్రాజెక్టులో సిస్టమ్ పుట్టిన సంవత్సరాన్ని కూడా కలిపి పోలుస్తోంది. తండ్రి 1980 అక్టోబరులో, తల్లి 1984 మార్చిలో పుట్టారనుకోండి. తల్లి ఇన్సూరెన్స్ ముందు కట్టాలి, సిస్టమ్ మాత్రం తండ్రిది ముందంటోంది. అప్పటిదాకా వాడుతున్న టెస్ట్ డేటాలోని జంటలన్నిటికీ రెండు లెక్కల్లోనూ ఒకే జవాబు వస్తోంది కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. మీరు పట్టుకున్నారు. డెవలపర్ 'యాజ్ డిజైన్డ్', అంటే కట్టిందే అలా అని, మీరు నమోదు చేసిన డిఫెక్ట్‌ను మూసేశాడు. ఆ రాత్రి మీరు క్లయింటు ఇచ్చిన నలభై పేజీల రూల్ డాక్యుమెంట్ చదివి, పన్నెండు జంటల పుట్టిన తేదీలతో ఎక్సెల్ షీట్ తయారుచేసి, మర్నాడు కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి చూపించారు. క్లయింటు వైపు నుంచి మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది. ఇదంతా రాసి, చివర "ఇదేం పెద్ద విషయం కాదులెండి, టెస్టింగే కదా" అన్నారు.

ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. మిగతా పేజీలన్నిటా బావగారు అన్నారు, రూమ్మేట్ అంది, కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పారు. ఈ ఎనిమిది వాక్యాల్లోనే "నేను చదివాను, నేను చేశాను, నేను చూపించాను" అని ఉంది. ఆ రాత్రి మిమ్మల్ని ఎవరూ కూర్చోమనలేదు. హైక్ వస్తుందని కూర్చోలేదు. లెక్క తప్పుగా ఉంటే మీకు నిద్ర పట్టదు, అంతే. ఇష్టమేమిటో తెలియదన్న మనిషి రాసిన వాక్యాలు కావవి.

నా సంగతి ఒకటి చెబుతాను. 2001లో, అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కూలుతున్నప్పుడు నేనూ ఐదు నెలలు బెంచ్ మీద ఉన్నాను. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల మెట్ల మీద, కరెంటు స్తంభాల మీద, ఎక్కడ చూసినా జావా, ఒరాకిల్ కాగితాలే. ఫ్రెండ్ చేరాడని నేనూ ఒకదాంట్లో చేరాను, పూర్తిచేయలేదు. చివరికి నాకు ప్రాజెక్టు దొరికింది ఇంకో కారణంతో. మా నాన్న ఎరువుల కొట్టులో ఇంటర్ చదివే రోజుల నుంచి చిట్టా, ఆవర్జా రాసేవాణ్ణి. ఒక ఫైనాన్స్ ప్రాజెక్టులో డెబిట్, క్రెడిట్ తెలిసినవాడు కావలసి వచ్చింది. కోడ్ నాకంటే బాగా రాసేవాళ్ళు పదిమంది ఉన్నా నన్ను తీసుకున్నారు. ఆ తర్వాత ఆ స్తంభాల మీద కాగితాలు మారుతూ వచ్చాయి: శాప్, ఇన్ఫర్మాటికా, సెలీనియం, హడూప్, డెవ్‌ఆప్స్, ఇప్పుడు జెన్ ఏఐ. వాటిలో మోసమేమీ లేదు, అవన్నీ నిజంగా అక్కరకొచ్చిన పనులే. అయితే ఒక టూల్ పేరు స్తంభం మీదికి వచ్చేసరికి ఆ బస్సు ఎక్కడానికి వేలమంది స్టాపులో నిలబడి ఉంటారు. మీకు అప్పటికే వేరే బస్సులో సీటు ఉందేమో ముందు చూసుకోవాలి.

అలాగని మాన్యువల్ టెస్టింగ్‌లోనే ఉండిపొమ్మని చెప్పను. అది మీకు మేలు చేసే మాట కాదు. రాసిచ్చిన స్టెప్స్ వరుసగా నొక్కి పాస్, ఫెయిల్ పెట్టే పని తగ్గిపోతోంది. మొదట ఆటోమేషన్ (ఆ టెస్టులను ప్రోగ్రామే నడిపే పద్ధతి) కొంత తినేసింది, 2022 చివర చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత టెస్ట్ కేసులు రాసే పని కూడా మెషీన్ చేతికి పోతోంది. మీ భయానికి కారణం ఉంది. ఒక ప్రయోగం చేయండి. అదే బర్త్‌డే రూల్‌ను ఒక ఏఐ టూల్‌కి ఇచ్చి టెస్ట్ కేసులు రాయమనండి. నిమిషంలో ముప్ఫై రాసి ఇస్తుంది. అందులో ఏవి ఒకే కేసుకు రెండు పేర్లో, ఏవి అసలు జరగనివో, ఏ ముఖ్యమైన కేసు రాలేదో మీరు పెన్ను తీసుకుని గుర్తు పెట్టగలరు. మీ పక్కన కూర్చున్న జెన్ ఏఐ కోర్సు విద్యార్థి పెట్టలేడు. మేనేజర్ చెప్పిన "ఏఐ నేర్చుకో"ను ఇలా మొదలుపెట్టండి. దానికి 60 వేలు అక్కర్లేదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న సమయం సంగతి. బెంచ్ మీద ఎన్ని రోజులు ఉంచుతారన్నది కంపెనీని బట్టి ఉంటుంది. క్యాంటీన్‌లో వినిపించే లెక్కలు నమ్మకుండా హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి పాలసీ అడగండి. అడిగితే పేరు లిస్టులోకి ఎక్కుతుందన్నది ఒట్టి భయం, మీ పేరు ఆ లిస్టులో ఎప్పుడో ఉంది. నోటీస్ పీరియడ్ ఎంతో కూడా చూసుకోండి. తొంభై రోజులైతే, మీరు వేసే ప్రతి లెక్కకూ ఆ మూడు నెలలు కలపాలి. గడువు తెలిస్తే రాత్రి రెండింటి వీడియోలు వాటంతటవే తగ్గుతాయి. నన్ను నమ్మండి, అసలు టెన్షన్ తేదీ తెలియకపోవడంలోనే ఎక్కువ.

తర్వాత ఆరు వారాలు, శనివారాలు మాత్రమే నాకివ్వండి. మీరు పట్టుకున్న ఆ ఒక్క తప్పునే మూడు రకాలుగా చేసి చూడాలి. ఆఫీసు డేటా ఒక్క వరుస కూడా వాడకండి. రోగుల సమాచారం బయటికి వస్తే ఉద్యోగం పోవడంతో ఆగదు. పేర్లు, తేదీలు, డబ్బు మొత్తం మీరే కల్పించుకోండి.

మొదటి రెండు శనివారాలు కోడ్. డేటా సైన్స్ క్లాసులో పైతాన్ కొంత నేర్చుకున్నారు కదా. రెండు పుట్టిన తేదీలు తీసుకుని ఎవరి ఇన్సూరెన్స్ ముందో చెప్పే చిన్న ఫంక్షన్ రాయండి. మీ పన్నెండు జంటలనూ దానికి టెస్టులుగా పెట్టండి. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ళను కూడా వేయండి. ఇందులో మాత్రికలు లేవు.

తర్వాతి రెండు శనివారాలు రాత. ఇన్సూరెన్స్ అంటే ఏమీ తెలియని డెవలపర్ చదివి తప్పు లేకుండా కట్టేలా ఈ రూల్‌ను ఒకటిన్నర పేజీలో రాయండి. తల్లిదండ్రులు విడాకులు తీసుకుని, బిడ్డ వైద్యం ఖర్చు ఎవరిదో కోర్టు చెప్పి ఉంటే బర్త్‌డే రూల్ పనిచేయదని మీకు తెలుసు. అలాంటివన్నీ అందులో రావాలి. రాశాక రూమ్మేట్‌కు ఇచ్చి చదవమనండి. తను ఎక్కడ ఆగి మిమ్మల్ని ప్రశ్న అడిగిందో అక్కడ మీ రాత సరిపోలేదని అర్థం.

చివరి రెండూ డేటా. ఐదొందల క్లెయిముల టేబుల్ ఒకటి కల్పించి, ఎస్‌క్యూఎల్‌లో (డేటా టేబుళ్ళను ప్రశ్నలడిగే భాష) ప్రశ్న వేయండి: పాత లెక్క ప్రకారం ఎన్ని తప్పు ఇన్సూరెన్స్‌కు వెళ్ళాయి, అందువల్ల ఎవరు ఎంత ఎక్కువ కట్టారు?

కష్టంగా ఉందా, తేలికగా ఉందా అన్నది పక్కన పెట్టండి. చిక్కుపడినప్పుడు మీరేం చేశారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్ చేతిలోకి తీసుకున్నారా, ఇంకో పది నిమిషాలు చూద్దామనుకున్నారా? మధ్యాహ్నం భోజనం ఆలస్యమైన శనివారం ఏది? అక్కడ దొరికే జవాబు ఏ డెమో క్లాసులోనూ దొరకదు.

కోడ్ వైపు మొగ్గు కనిపిస్తే ఆటోమేషన్ టెస్టింగ్ మీకు దగ్గరి దారి. జావాతో సెలీనియమో, ప్లేరైటో ఏదో ఒక టూల్, దాంతోపాటు ఏపీఐ టెస్టింగ్ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో సరిగ్గా మాట్లాడుతోందో లేదో చూడటం). రోజూ గంటన్నర చేస్తే నాలుగైదు నెలలు పడుతుందనుకోండి. ఉద్యోగాలు ఎక్కువగా కనిపించేది ఇక్కడే, బెంచ్ నుంచి త్వరగా బయటపడే అవకాశమూ ఇక్కడే ఎక్కువ. అయితే ఇంటర్వ్యూలో కోడ్ రాయమంటారు, మొదటి నాలుగైదు పోతాయి, దానికి గుండె దిటవు చేసుకోవాలి. ఇంకొకటి, స్క్రిప్టులు రాయడం కూడా ఏఐ చేతిలోకి పోతున్న పనే కాబట్టి రెండు మూడేళ్ళ తర్వాత మళ్ళీ ఒక మెట్టు ఎక్కాల్సి వస్తుంది.

రాత వైపు మొగ్గితే బిజినెస్ అనలిస్ట్ పని, అంటే క్లయింటుకు ఏం కావాలో డెవలపర్లకు అర్థమయ్యేలా రాసిచ్చే పని. మీ ఉత్తరం చదివితే నాకు కొంచెం ఇటే గాలి వీస్తున్నట్టు అనిపించింది, కానీ నా మాట మీద వెళ్ళకండి. ఇందులో ఖాళీలు తక్కువ. టెస్టర్‌ను నేరుగా ఈ పనికి బయటి కంపెనీలు తీసుకోవడం కష్టం, లోపలి నుంచే మారాలి. కొత్త ప్రాజెక్టులో టెస్టర్‌గా చేరుతూ, అనలిస్ట్‌కు సాయంగా రెండు మూడు యూజర్ స్టోరీలు (వాడేవాళ్ళకు ఏం కావాలో చెప్పే చిన్న రాతలు) రాస్తానని అడగడం మామూలుగా మొదటి మెట్టు. మొదటి ఏడాది జీతం పెద్దగా పెరగకపోవచ్చు. అమెరికా టైముకు కాల్స్ ఉంటాయి, రాత్రి పదింటి దాకా ఇంగ్లిష్‌లో మాట్లాడాలి. బదులుగా, మీరు నేర్చుకున్నది ఏటేటా పోగుపడుతుంది. 837 ఫైల్ క్లెయిమ్, 835 ఫైల్ చెల్లింపు అని నిద్రలో లేపినా చెప్పే మనిషికి టూల్ మారినా విలువ తగ్గదు.

డేటా వైపు మొగ్గితే ఎస్‌క్యూఎల్ గట్టిగా పట్టుకుని క్లెయిమ్స్ డేటా అనలిస్ట్‌గా వెళ్ళొచ్చు. ఇది మీరు మానేసిన డేటా సైన్స్ కాదు, దాని పక్క వీధి.

ఈ మూడింటిలో దేనికైనా ఒక తలుపు మీ కళ్ళెదుటే ఉంది. మీ టీమ్‌ను ఇబ్బందిలో పడేసిన ఆ క్లయింటు ఆఫీసు ఎక్కడో డల్లాస్‌లో లేదు, హైదరాబాద్‌లోనే ఉంది. అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలు ఇంకా కొన్ని ఇక్కడే సొంత సెంటర్లు పెట్టుకున్నాయి. వాటికి బర్త్‌డే రూల్ తెలిసిన మనుషులు కావాలి. మీకు మెయిల్ పంపి మెచ్చుకున్న క్లయింటు మేనేజరు పేరు మీకు తెలుసు. అయితే ముందు మీ ఆఫర్ లెటర్, అగ్రిమెంట్ తీసి చదవండి. క్లయింటు దగ్గర కొన్నాళ్ళు చేరకూడదనే షరతు చాలా కంపెనీలు పెడతాయి. అలాంటిది ఉంటే ఆ ఒక్క క్లయింటును వదిలి మిగతావాటికి ప్రయత్నించండి.

డెవ్‌ఆప్స్ గురించి ఎక్కువ చెప్పను. మీ రూమ్మేట్‌కు ఆన్‌కాల్ పడిన రాత్రి ఒకటి పక్కన కూర్చుని చూడండి. మూడింటికి ఫోన్ మోగితే లేచి, ఎక్కడ తెగిందో వెతకడం మీకు నచ్చితే అదీ మంచి దారే. 18 లక్షలు అన్న అంకెను ఆ రాత్రితో కలిపి చూడాలి. గ్రూప్-2 మీ నాన్నగారి కోరిక. మీ ఉత్తరంలో దాని గురించి మీరు రాసింది ఒక్క వాక్యమే. రెండేళ్ళు పుస్తకాల ముందు కూర్చునే మనసు మీకు లేకపోతే ఆయనతో ఆ మాటే చెప్పండి, ఆశ పెట్టి నాన్చకండి.

ఎంఎస్ సంగతి కొంచెం వివరంగా చూడాలి. నాన్నగారి ఎకరన్నర తాకట్టు పెట్టి లోన్ తీసుకోవాలని రాశారు. చదువయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) కింద ఏడాది, టెక్ డిగ్రీ కాబట్టి మరో రెండేళ్ళు పనిచేయవచ్చు. ఆ తర్వాత ఉద్యోగ వీసా, హెచ్-1బీ. ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు అదనంగా 20 వేలు. దరఖాస్తులు అంతకంటే ఎక్కువ వస్తాయి కాబట్టి లాటరీ. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్ళ కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అని ప్రకటించారు. బావగారు వెళ్ళిన రోజులు వేరు, ఈ రోజులు వేరు. వెళ్ళొద్దనడం లేదు. ఏం చదవాలో తెలిసి వెళ్ళినవాళ్ళకు అది బాగా పనికొచ్చిన సందర్భాలు నా ఎరుకలోనే ఉన్నాయి. మీరు ఇప్పుడు వెళితే ఈ ప్రశ్ననే రెండేళ్ళు వాయిదా వేసుకుంటారు, ఆ వాయిదాకు వడ్డీ మీ నాన్నగారు కడతారు. ఆరు శనివారాలు అయ్యాక కూడా వెళ్ళాలనిపిస్తే అప్పుడు ఏ కోర్సుకో మీకే తెలుస్తుంది.

అన్నిటికీ మంచిచెడులు చెప్పి మీకు వదిలేశాను. కన్సల్టెన్సీ విషయంలో అలా వదలను. ఆ పని చేయకండి. మీ పీఎఫ్ ఖాతాలో మీరు ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశారో నెలనెలా నమోదై ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ముందుగా చూసేది అదే. ఇవాళ దొరక్కపోయినా, మూడేళ్ళ తర్వాత ఇంకో కంపెనీ వెరిఫికేషన్‌లో దొరికి, అప్పటికి ఈఎంఐలు, పిల్లలు ఉన్న స్థితిలో ఒక్క రోజులో బయటికి వచ్చినవాళ్ళను చూశాను. వాళ్ళలో ఒకరు నా టీమ్‌లో పనిచేసిన అబ్బాయి. పని బాగా చేసేవాడు. ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోతూ, తన నిజమైన రెండేళ్ళ అనుభవం కూడా ఇక ఎవరూ నమ్మరని ఏడ్చాడు. మీకు ఐదేళ్ళకు పైగా నిజమైన అనుభవం ఉంది. దాన్ని చెరిపేసి, పైన అబద్ధం రాయడానికి లక్షన్నర ఇస్తారా?

ఇంట్లో చెప్పండి. ముందు నాన్నగారికి చెప్పండి, ఫోన్‌లో కాకుండా ఊరికి వెళ్ళి. "నా తప్పు లేదు, ప్రాజెక్టు అయిపోయింది, జీతం వస్తోంది, ఇంకోటి వెతుక్కుంటున్నాను" అంటే ఆయనకు అర్థమవుతుంది. సీజన్ అయిపోయి మిల్లు ఆగిన నెలలు ఆయన ఎన్ని చూసి ఉంటారు! సంబంధాల విషయం అమ్మగారితో మీ వీలును బట్టి మాట్లాడుకోండి, కానీ ఎవరికి చెప్పినా బెంచ్ సంగతి దాచకండి. రోజూ క్యాంటీన్ పక్కన ఒంటరిగా కూర్చోవడంలో సగం బరువు ఆ దాపరికానిదే.

ఆరు వారాల తర్వాత ఆ నోట్‌బుక్‌లో ఏం రాసుకున్నారో నాకు రాయండి. ఒకటి మాత్రం ఇప్పుడే అడగాలనిపిస్తోంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే నెల, ఒకే తేదీన పుట్టిన జంట మీ పన్నెండింట్లో ఉందా? ఉంటే, సిస్టమ్ ఏమని చెప్పింది?